బేగులో ఏటున్నాదో తెలుసు: ఒక గంజాయి కేసులో సెక్షన్ 15 మదింపు

ఈ కేసులోని బాలుడు ఏ ఒక్కడూ కాడు. చట్టంతో ఘర్షణ పడిన పిల్లల్ని గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 చెబుతోంది. అందుకని సాలూరు ఘాట్ దిగి విజయనగరం వైపు వచ్చే దారిలో పట్టుబడే గంజాయి కేసుల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతుల్ని కలిపి, శిక్షణ కోసం కూర్చిన కేసు ఇది. కుటుంబ వివరాలు, తూకాలు, రోజుల లెక్క కూర్చినవే. చట్టం, పరిశోధనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

తూకం

రామభద్రపురం, గజపతినగరం మధ్య జాతీయ రహదారి 26 మీద రెండు బళ్లు. ముందుది పైలట్ బండి. దాని మీద సరుకుండదు. తనిఖీ ఉందో లేదో చూసి వెనక బండికి ఫోన్ కొట్టడమే దాని పని. వెనక బండిని 22 ఏళ్ల కుర్రాడు నడుపుతున్నాడు, వెనక సీట్లో బాలుడు, ఇద్దరి మధ్యా గోనెసంచి. పైలట్ బండి జారిపోయింది. వెనక బండి దొరికింది.

మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) 11 ప్యాకెట్లు, 22.300 కిలోలు అని రాశారు. ఇలాంటి కేసు చేతికొచ్చినప్పుడు పిల్లవాడి మనసు గురించి ఆలోచించే ముందు ఈ అంకె దగ్గర ఆగాలి. గంజాయి 20 కిలోలు దాటితే మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్నది బాలల న్యాయ చట్టం కింద హేయ నేరం. అప్పుడే, బాలుడికి 16 నిండి ఉంటేనే, సెక్షన్ 15 ప్రాథమిక మదింపు వస్తుంది: పెద్దవాడిగా విచారించడానికి కేసుని చిల్డ్రన్స్ కోర్టుకి పంపాలా వద్దా అని బాలల న్యాయ బోర్డు చూసేది అందులోనే. అదే సరుకు కిలోకీ 20 కిలోలకీ మధ్య ఉంటే గరిష్ఠ శిక్ష పదేళ్లే గానీ కనీస శిక్ష లేదు. కనీస శిక్ష లేని నేరం ఎంత పెద్దదైనా 'తీవ్ర నేరం' కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2020 జనవరిలో శిల్పా మిత్తల్ కేసులో తేల్చింది, 2021 సవరణలో అది చట్టంలోకీ ఎక్కింది. తీవ్ర నేరంలో పెద్దల కోర్టు అన్న మాటే రాదు.

22.300 అన్నది బ్రౌన్ టేపు, పాలిథిన్ కవర్లతో కలిపి తూచిన బరువు. మేజిస్ట్రేట్ ముందు ఎన్‌డీపీఎస్ సెక్షన్ 52ఏ ప్రక్రియలో కవర్లు తీసి తూచితే నికరంగా 20.850 వచ్చింది. ఈ కేసులో మదింపు నడిచింది ఆ 850 గ్రాముల వల్లే. పూతలేని ఆకులు, గింజలు గంజాయి నిర్వచనంలోకి రావన్న వాదన కూడా న్యాయవాది దగ్గర ఉంది. అది విచారణలో తేలాల్సిన విషయం, మదింపు నివేదికలో దానికి చోటు లేదు. కానీ నికర తూకం చేతికి రాకుండా మదింపు మొదలుపెట్టడం శుద్ధ తొందరపాటు.

వయసు, వాంగ్మూలం, బెయిల్

బాలుడి పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూన్ 1. ఆ రోజుకు 16 ఏళ్ల 10 నెలలు. ఈ ప్రాంతపు స్కూలు రిజిస్టర్లలో సగంమంది జూన్‌లోనే పుట్టినట్టు కనిపిస్తారు, ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు సరిపెట్టిన తేదీలవి. అయినా వయసు తేల్చడానికి బాలల న్యాయ చట్టం సెక్షన్ 94 చెప్పిన వరుస స్పష్టం: ముందు స్కూలు లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరుసలో ఎక్కడా లేదు. ఆధార్ జిరాక్సు చూసి వయసు రాసిన రిమాండ్ రిపోర్టులు ఇప్పటికీ వస్తున్నాయి, వచ్చినప్పుడల్లా బోర్డు ముందు అభ్యంతరం చెప్పాల్సిందే.

మధ్యవర్తుల నివేదికలో బాలుడు 'స్వచ్ఛందంగా' చెప్పినట్టు పేజీన్నర ఒప్పుకోలు ఉంది. పదిహేడేళ్ల కుర్రాడు ఎప్పుడూ మాట్లాడని భాష అది: 'సులభ మార్గంలో ధనార్జన చేయు దురుద్దేశముతో'. పోలీసు దగ్గర చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని అందరికీ తెలుసు. ఇక్కడ చిక్కు వేరు. ఆ పేజీన్నరను ఎత్తి సామాజిక పరిశోధన నివేదికలో పెట్టేస్తారు, అక్కణ్నుంచి అది మానసిక నిపుణుడి నివేదికలోకి పాకుతుంది. చెయ్యని తప్పుకి సంతకం పెట్టే గుణం పెద్దవాళ్లలోకన్నా టీనేజీ పిల్లల్లో ఎక్కువని రెడ్లిక్, గుడ్‌మన్ 2003లో ప్రయోగం చేసి చూపించారు. కంప్యూటర్ పాడవడానికి తామే కారణమని రాసున్న కాగితం మీద, ఎదురు ప్రశ్నయినా వెయ్యకుండా, పిల్లలే ఎక్కువగా సంతకం పెట్టారు.

బెయిల్‌ని కష్టం చేసే ఎన్‌డీపీఎస్ సెక్షన్ 37 అడ్డొస్తుందని మొదట్లో బెయిల్ అడగనే లేదు. అది పొరపాటు. బాలల న్యాయ చట్టం సెక్షన్ 12లోనే 'మరే చట్టంలో ఏమున్నా' అన్న మాట ఉంది. బెయిల్ కాదనడానికి మూడే కారణాలున్నాయి: తెలిసిన నేరగాళ్లతో మళ్లీ కలిసే అవకాశం, బాలుడికి నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదం, న్యాయానికి భంగం. పైలట్ బండివాడు అదే ఊరివాడు కాబట్టి మొదటి కారణం నిజంగానే ఉంది. చీపురుపల్లిలో మేనత్త తన ఇంట్లో ఉంచుకుంటానని బోర్డుకి రాసిచ్చాకే అది తొలగింది. ఈలోగా విశాఖ అబ్జర్వేషన్ హోమ్‌లో 46 రోజులు గడిచాయి. మేనత్త సంగతి మొదటివారంలోనే అడిగుంటే అందులో నెలరోజులు తగ్గేవి.

మొదటి నివేదిక ఎందుకు పనికిరాలేదు

ప్రొబేషన్ ఆఫీసర్ సామాజిక పరిశోధన నివేదిక (ఫారం 6) రెండు వారాల్లో ఇవ్వాలి. పదిహేనో రోజుకి వచ్చింది. తండ్రి చెన్నైలో తాపీ పని, తల్లి ఉపాధి హామీ కూలి, బాలుడు ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో మానేశాడు. చెడు సావాసాలు. ఇరుగుపొరుగు అభిప్రాయం: మంచిది కాదు.

ఆ ఇరుగుపొరుగు ఒక్క మనిషి, అదీ ఫోన్లో. కాలేజీ ఎందుకు మానేశాడో అడగలేదు. రెండోసారి ఇంటికెళ్లి గంటన్నర కూర్చుంటే తేలినవి ఇవి. పిల్లవాడి ఫోన్ పగిలింది, పైలట్ బండివాడు రూ.3,000 పెట్టి బాగుచేయించాడు. ఆ బాకీ కింద మొదట రెండుసార్లు ఊరికే బండి మీద తోడు తీసుకెళ్లాడు, సరుకు లేకుండా. మూడోసారి సంచి వచ్చింది. ఇది నియామక పద్ధతి. అప్పు, తోడు, ఆ తర్వాత సరుకు. మత్తు పదార్థాలు మోయడానికి బాలుణ్ని వాడుకున్నవాడికి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ 78 బాలల న్యాయ చట్టంలోనే ఉంది. ఎఫ్ఐఆర్‌లో ఆ సెక్షన్ లేదు. బోర్డు అడిగాకే చేర్చారు.

మదింపులో అడగాల్సింది

సెక్షన్ 15 బోర్డుని చూడమన్నవి: నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, ఏ పరిస్థితుల్లో చేశాడన్నది. ఇది విచారణ కాదని ఆ సెక్షన్‌కే వివరణ ఉంది. నిపుణుల సాయం 'తీసుకోవచ్చు' అని చట్టంలో ఉన్నా, బోర్డులో చైల్డ్ సైకాలజీ లేదా సైకియాట్రీ చదివి ప్రాక్టీసు చేస్తున్నవారు లేకపోతే తీసుకోవాల్సిందేనని 2022 జులైలో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటిసారి బోర్డు ముందు హాజరుపరిచిన రోజు నుంచి మూడు నెలలు గడువు. ఇక్కడ నిపుణుడికి పంపిందే 34వ రోజున.

నిపుణుడి నుంచి వచ్చిన మొదటి నివేదిక ఒక పేజీ. మిస్క్ పరీక్షలో తెలివితేటల స్థాయి సగటు, వైన్‌లాండ్ స్కేల్లో సామాజిక పరిపక్వత వయసుకి తగ్గట్టే ఉంది, కాబట్టి సామర్థ్యం ఉంది. రెండు పరీక్షలూ ఈ వయసుకి పనికిరావు. మాలిన్ రూపొందించిన మిస్క్ 15 ఏళ్ల వరకే. వైన్‌లాండ్‌కి మాలిన్ చేసిన భారతీయ రూపమూ 15 ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది, ఆ పైవాడికి పై గీత తగిలిందన్న సంగతి తప్ప ఇంకేమీ చెప్పదు. బినే-కామత్ తెలివితేటల పరీక్ష అయితే 22 ఏళ్ల దాకా నడుస్తుంది. అయితే సరైన పరీక్ష వాడినా అసలు తప్పు సరికాదు. మేధోలోపం ఉందా అన్నదానికే తెలివితేటల పరీక్ష జవాబిస్తుంది, పరిపక్వత ఎంత అన్నదానికి కాదు.

కౌమార పరిశోధన ఈ చట్టానికి నేరుగా తగిలేది ఈ చోటే. ఐసెనోగిల్, స్టైన్‌బర్గ్ తదితరులు 11 దేశాల్లో, మన దేశం సహా, 10 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లు ఐదువేల మందికి పైగా మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. నింపాదిగా కూర్చుని ఆలోచించే శక్తి పదహారేళ్లకల్లా పెద్దవాళ్ల స్థాయికి చేరుతోంది. తొందరని ఆపుకోవడం, ఉద్రేకంలో నిలదొక్కుకోవడం మాత్రం 18 దాటాకా ఎదుగుతూనే ఉంది. ఈ రెంటి మధ్య ఉన్నదే పరిపక్వతలోని ఖాళీ. మన చట్టం తలుపు తెరిచింది సరిగ్గా పదహారు దగ్గర. అంటే గదిలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, 'గంజాయి మోయడం తప్పని తెలుసా' అని అడిగితే పదహారు దాటిన దాదాపు ప్రతి పిల్లవాడూ పాసవుతాడు. అందరూ పాసయ్యే పరీక్ష ఎవర్నీ వేరుచేయలేదు.

రెండో నిపుణుడు మూడు రోజుల్లో, మొత్తం ఐదు గంటలు కూర్చున్నారు. మొదటి రోజు నేరం ఊసెత్తలేదు. నిద్ర, తిండి, హోమ్‌లో ఎవరైనా కొడుతున్నారా, మత్తు అలవాట్లు, ఇంట్లో ఎవరితో మాట్లాడతాడు, ఇంతే. అప్పుడే ఒక సంగతి తేలింది: కుర్రాడు ప్రతి ప్రశ్నకీ 'అవునండి' అంటున్నాడు. ఇక్కడి పల్లెల్లో సారు అడిగినప్పుడు 'అవునండి' అంటే ఒప్పుకోవడం కాదు, మర్యాద. 'నీకు తెలిసే చేశావు కదా?' 'అవునండి.' 'నీకు తెలియకుండా జరిగింది కదా?' 'అవునండి.' ఇలా తిప్పి అడిగి చూడకపోతే మొదటి జవాబే నివేదికలోకి ఎక్కుతుంది. రెండో రోజు నుంచి అవును-కాదు ప్రశ్నలు మానేసి, ఆ యాసలోనే అడిగారు: 'పట్టుకుంటే ఏటవుద్దనుకున్నావు?'

'ఏటవుద్దండీ. బండి లాగీసుకుంటారు, కొడతారు. అన్న ఇడిపించీస్తానన్నాడు.'

పదేళ్ల కనీస శిక్ష సంగతి అతనికి తెలియదు. ఆ మాటకొస్తే బండి నడిపిన 22 ఏళ్లవాడికీ తెలియదు. కాబట్టి 'శిక్ష తెలియదు, అందువల్ల అపరిపక్వుడు' అన్న వాదన నిలబడదు. నివేదికలో దాన్ని వాడలేదు, వాడకపోవడమే సరైనది. మూడో రోజు చెప్పిన మాట మాత్రం ఉన్నదున్నట్టు రాశారు: 'బేగులో ఏటున్నాదో తెలుసండి. దిగిపోతానంటే ఆళ్లేటనుకుంటారు?'

టీకొట్టు దగ్గర పావుగంట

ప్రాసిక్యూషన్ పట్టుకున్నది ఇది. సాలూరు దాటాక ఒక టీకొట్టు దగ్గర బాలుడు సంచితో పావుగంట ఒంటరిగా ఉన్నాడు. జేబులో అరవై రూపాయలున్నాయి, రోడ్డుకి అవతల బస్సాగే చోటు. వెళ్లిపోవాలనుకుంటే వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు, కాబట్టి తెలిసే, కావాలనే చేశాడు.

గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో 306 మందితో కారు ఆట ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఎంత దూరం తోలతారన్నది లెక్క. పక్కన స్నేహితులుంటే 13-16 ఏళ్లవాళ్లు బాగా ఎక్కువ సాహసం చేశారు, 18-22 ఏళ్లవాళ్లు కొంత, 24 దాటినవాళ్లలో తేడా లేదు. ఆటలో స్నేహితులు గదిలోనే ఉన్నారు. టీకొట్టు దగ్గర ఎవరూ లేరు. ఈ పరిశోధనను ఆ పావుగంటకి అలాగే అతికిస్తే ప్రాసిక్యూటర్ ఒక్క ప్రశ్నతో ఊడబెరుకుతారు. రెండో నిపుణుడి నివేదిక అందుకే పరిశోధన జోలికి ముందు వెళ్లకుండా కాల్ డేటా అడిగింది. ఆ పావుగంటలో పైలట్ బండి నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి. మనుషులు పక్కన లేకపోయినా గొంతు చెవిలో ఉంది. అయినా నివేదిక ఆ పావుగంటను రెండురకాలుగానూ చదవొచ్చని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడం వల్లే మిగతా నివేదికకి బోర్డు ముందు బరువొచ్చింది.

ఇంకో పక్క డిఫెన్స్ న్యాయవాది 'మెదడు పాతికేళ్లదాకా ఎదగదు' అని రాసుకొచ్చారు. ఇది ఈమధ్య అందరి నోటా నానుతున్న మాట. పాతికేళ్ల దగ్గర గీత ఏ పరిశోధనా గీయలేదు. మెదడులో ఒక్కో భాగం, ఒక్కో నేర్పు ఒక్కో వేగంతో మారుతాయి. స్కానింగ్ చూసి ఫలానా కుర్రాడు ఆ రోజు తనని ఆపుకోగలిగేవాడో లేదో చెప్పగల పరికరం లేదు. గుంపుల సగటు గురించి చెప్పే ఫలితాన్ని ఒక మనిషికి అంటగట్టడం ప్రాసిక్యూషన్ చేసినా, డిఫెన్స్ చేసినా తప్పే. సగటు చేసే మేలు ఒక్కటే, ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. వెతికి పట్టుకోవాల్సింది ఈ పిల్లవాడి ఇంట్లో, ఫోన్లో, అప్పు పద్దులో.

మొదటి నిపుణుడి నివేదికలోని వాక్యం: 'బాలుడు తన నేరాన్ని అంగీకరించాడు; తగిన పరిపక్వత కలవాడు.' రెండోదాంట్లో దాని స్థానంలో వచ్చింది: 'మేధోలోపం గానీ మానసిక వ్యాధి గానీ కనిపించలేదు. సంచిలో ఉన్నది చట్టవిరుద్ధమని గ్రహించగలడు. తనకన్నా తొమ్మిదేళ్లు పెద్దవాడు, తనకి బాకీ ఉన్నవాడు ఫోన్లో ఉండగా ఆ గ్రహింపును నిర్ణయంగా మార్చుకునే శక్తి పరిమితంగా ఉన్నట్టు ఈ మూడు సంగతులు సూచిస్తున్నాయి', ఆ కింద మూడు సంగతులు, ఒక్కోటి ఎక్కడ దొరికిందో. నేరం చేశాడో లేదో ఒక్క మాట లేదు. మదింపులో పిల్లవాడు చెప్పింది సాక్ష్యంగా మారే సందు వదలకూడదు.

ఇందులో 'తనకి బాకీ ఉన్నవాడు' అన్నచోట మొదటి ప్రతిలో అచ్చుతప్పు కాని తప్పు దొర్లింది. బాకీ ఉన్నది బాలుడు, పైలట్ బండివాడు కాదు. సరిచేసిన ప్రతిలో 'తాను బాకీపడ్డవాడు' అని మార్చారు. ప్రాసిక్యూటర్ ముందే చూసుంటే నివేదిక మొత్తాన్ని అజాగ్రత్త కింద కొట్టేసేవారు.

ఉత్తర్వు, తర్వాత

88వ రోజున బోర్డు ఉత్తర్వు: కేసు చిల్డ్రన్స్ కోర్టుకి పంపనక్కర్లేదు, బోర్డే విచారిస్తుంది. పంపుంటే పోయేది శిక్ష ఒక్కటే కాదు. బోర్డు దగ్గర తేలిన కేసుకి సెక్షన్ 24 రక్షణ ఉంటుంది, రేపు ఉద్యోగానికో పరీక్షకో అది అడ్డురాదు. 16 దాటినవాణ్ని పెద్దవాడిగా విచారించాలని చిల్డ్రన్స్ కోర్టు తేల్చితే ఆ రక్షణ పోతుంది. ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టుకి అప్పీలుకి వీలుంది, ఎవరూ వెళ్లలేదు. 22 ఏళ్లవాడి కేసు విడిగా నడుస్తుంది, ఇద్దర్నీ కలిపి విచారించడానికి సెక్షన్ 23 ఒప్పుకోదు.

విచారణలో సరుకు మోసినట్టు తేలింది. ప్రత్యేక గృహంలో మూడేళ్ల దాకా ఉంచే అధికారం బోర్డుకి ఉంది. ఎందుకు వాడలేదో ఉత్తర్వులో కారణం రాశారు. తీవ్ర నేరాలు చేసిన 1,354 మంది కుర్రకారును అమెరికాలో ఫిలడెల్ఫియా, ఫీనిక్స్‌లలో ఏడేళ్లు వెంబడించిన అధ్యయనంలో ఎక్కువమంది నేరాలు వాటంతటవే తగ్గిపోయాయి. సంస్థలో 3 నుంచి 13 నెలల మధ్య ఎంతకాలం ఉంచినా తిరిగి నేరం చేయడంలో తేడా రాలేదు. ఆ పిల్లలు వేరు, మన పిల్లలు వేరు అన్న సంగతి నిజమే. కానీ ఎక్కువకాలం ఉంచితే బాగుపడతాడన్న నమ్మకానికి ఇక్కడా ఆధారమేదీ లేదు.

వేసింది 18 నెలల ప్రొబేషన్, మేనత్త పూచీ మీద, ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో. షరతులు: ఐటీఐలో చేరాలి, రామభద్రపురం దాటి సాలూరు వైపు వెళ్లకూడదు, నెలకి రెండుసార్లు విజయనగరం వచ్చి హాజరు వేయించుకోవాలి. మూడో షరతు రెండో నెలకే తెగింది. ఐటీఐ ఉన్న రోజు రమ్మన్నారు, రానూపోనూ బస్సు ఛార్జీలు మేనత్త పెట్టుకోవాలి. రెండుసార్లు రాకపోయేసరికి షరతు ఉల్లంఘన అని నోటు పెట్టబోయారు. హాజరును ఒకటి చీపురుపల్లిలోనే వేయించి, రెండోది రెండో శనివారానికి మార్చాక మళ్లీ తప్పలేదు. ఈ వయసువాళ్ల మీద ఒకేసారి పది షరతులు పెడితే పదీ తప్పుతారు. మూడు చాలు, అవీ జరిగే మూడు.

తొమ్మిదో నెలలో పైలట్ బండివాడి నుంచి కుర్రాడికి ఫోనొచ్చింది, పాత బాకీ మాటెత్తాడు. కుర్రాడు మేనత్తకి చెప్పలేదు, నాలుగు రోజులాగి ప్రొబేషన్ ఆఫీసర్‌కి చెప్పాడు. ఆ నంబరు దర్యాప్తు అధికారికి వెళ్లింది, కుర్రాడికి కొత్త సిమ్ వచ్చింది. రూ.3,000 బాకీ పేరు చెప్పి ఎవరు అడిగినా ఏమనాలో ప్రొబేషన్ ఆఫీసర్ అతనితో మూడుసార్లు పైకి చెప్పించారు, ఎదుటివాడి పాత్ర తనే వేసి.